మిరప కల్లం పక్కన ఆరు గుంతలు

అన్నయ్యకి నూకరత్నం నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను కులాసా. నువ్వు, వదిన, అమ్మ, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. పాపకి ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయని వదిన ఫొటో పంపింది. నాలుగుసార్లు చూసుకున్నాను. అమ్మ ఇంకా తెల్లారకుండానే ఇడ్లీ బండి దగ్గరకి వెళ్తోందా? మోకాలికి పట్టీ వేసుకోమను. నా మాట వినదు, నీ మాటా వినదు, పాప చేత చెప్పించు.

రోజు విడిచి రోజు ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఈ ఉత్తరం ఎందుకని నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఫోన్లో నేను ఒక మాట అనేలోగా నువ్వు నాలుగంటావు. పైగా నీ గొంతు వింటే నా ధైర్యం జారిపోతుంది. ఇది మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను. అందుకే కాగితం తీశాను. కోపం వస్తే చింపెయ్యి, కాని ఆఖరిదాకా చదివి చింపు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మన ఎర్రమట్టిలో అయితే వాన వెలిసిన గంటకల్లా ఆట మొదలుపెట్టొచ్చు. ఈ నల్లరేగడి అలా కాదు. నాలుగడుగులు వేస్తే చెప్పు కింద ఇంకో చెప్పు మొలుస్తుంది. పదడుగులు వేస్తే ఆ కాలు మనది కాదు. చాలా రోజులుగా ఆడలేదు. డ్యూటీ నుంచి వచ్చి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. నేనుండేది శివాలయం పూజారిగారి మేడ మీద అని చెప్పాను కదా. వాళ్ళావిడ నిన్న కింద నుంచి కేకేసింది.

“ఏమ్మా రత్నం, పైన ఏమన్నా దంచుతున్నావా?”

“కాళ్ళు ఊరుకోవట్లేదు పిన్నిగారూ.”

“ఊరుకోకపోతే కిందికి రా. మినప్పప్పు రుబ్బుదువుగాని.”

వెళ్ళి రుబ్బాను. అయినా తగ్గలేదు.

మొదటి నుంచి చెబుతాను. నేను అక్టోబరులో ఇక్కడికి వచ్చేసరికి చేలల్లో అడుగు పెట్టడానికి జాగా లేదు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, మధ్యలో అద్దంకి వెళ్ళే రోడ్డు, రోడ్డు పక్కన మా కోల్డ్ స్టోరేజి. నా పని దాని వెనకున్న ల్యాబులో. మిరపకాయల్లో తేమ ఎంత, రంగు ఎంత అని పరీక్ష చేసి రాసిపెట్టడం. మొదటి నెలంతా తుమ్ములే. మెస్సులో పప్పు తిన్నా నోరు మండేది. మన ఇంట్లోలాగా పప్పులో కాస్త బెల్లం ముక్క వెయ్యమని అడిగితే వంటామె నా ముఖం చూసి, “పాయసం అడుగుతున్నావా, పప్పా?” అంది. ఇప్పుడు అలవాటైపోయింది. పండుమిరప పచ్చడి లేకపోతే ముద్ద దిగడం లేదు.

పని బాగుంది, మనుషులు మంచివాళ్ళు, గట్టిగా మాట్లాడతారు గాని మనసులో ఏం పెట్టుకోరు. ఇవన్నీ నీకు చెప్పాను, అవన్నీ నిజమే. ఆదివారాలే కష్టంగా ఉండేవి. గదిలో మూల నువ్విచ్చిన గోల్ఫ్ బ్యాగు నిలబడి ఉండేది. దాన్ని చూస్తే ఎవరో చుట్టం వచ్చి గుమ్మంలో నిలబడితే కూర్చోమనలేకపోతున్నట్టు ఉండేది. సరిగ్గా అప్పుడే నీ ఫోను వచ్చేది.

“ఏటమ్మా, ఆడుతున్నావా?”

“ఆడుతున్నానన్నయ్యా.”

“ఎక్కడా?”

“ఇక్కడ ఒక మైదానం ఉంది.”

అన్నయ్యా, అప్పటికి నేను బ్యాగు జిప్పు కూడా తియ్యలేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నేను నీకు చెప్పిన ఆట ఒక్కటి కూడా ఆడింది కాదు.

ఎందుకు చెప్పానంటావా? ఈ ఉద్యోగం వచ్చినరోజు నువ్వేమన్నావో నాకు గుర్తుంది. “గడ్డి లేని ఊరికి పోతే చెయ్యి మొద్దుబారిపోద్ది. ఆట ఇక్కడే వదిలేసి పో” అన్నావు. కోపంతో అన్నావని తెలుసు. రైలు కదిలేటప్పుడు ఈ బ్యాగు లోపలికి తోసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు. నాన్న మన ఊరి గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోసి మనల్ని పెంచాడు. నువ్వు బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నావు. నేర్పినందుకు జీతం తీసుకున్నావని ఇప్పుడు అమెచ్యూర్ పోటీల్లో నిన్ను ఆడనివ్వరు. నీ వంతు కూడా నేనే ఆడాలని నువ్వెప్పుడూ అనలేదు. అనకపోయినా నాకు తెలుసు. అలాంటిది, ఆడటం లేదని నీకు ఎలా చెప్పను?

మార్చి మొదట్లో పత్తి తీతలు అయిపోయి చేలు ఖాళీ అయ్యాయి. ఒక సాయంత్రం ఉండబట్టలేక ఏడో నంబరు ఐరన్ క్లబ్బు ఒక్కటి పట్టుకుని కోల్డ్ స్టోరేజి వెనకాల చేలల్లోకి నడిచాను. బంతి కూడా తీసుకెళ్ళలేదు. మట్టిబెడ్డ ఒకటి పెట్టుకుని ఊపాను. బెడ్డ పొడైపోయింది. ఇంకోటి పెట్టుకున్నాను. అయిదారు బెడ్డలు అయ్యాక వెనక నుంచి ఒక కేక.

“ఏందమ్మాయ్! పామా?”

“పాము కాదండి.”

“మరి నేలని ఎందుకు కొడుతున్నావు? నీకేం అపకారం చేసింది నా నేల?”

అలా పరిచయమైంది కాశింబీ పెద్దమ్మ. ఆమెకి యాభై అయిదేళ్ళు ఉంటాయేమో. భర్త పోయి పదేళ్ళు. కూతురు చీరాలలో కాపురం. నాలుగెకరాలు ఆమే చేసుకుంటుంది, రెండు పత్తి, రెండు మిరప. చేనంచున చదును చేసిన కల్లంలో మిరపకాయలు ఆరబోసి, వాటి పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కకి వేస్తూ ఉంది. నా పేరు అడిగింది. నూకరత్నం అన్నాను.

“నూకలా? బియ్యంలో నూకలా?”

“కాదు పెద్దమ్మా, మా ఊరి దేవత పేరు. నూకాలమ్మ.”

“అట్టయితే నవ్వకూడదు. సరే, ఆ కర్రతో ఏం చేస్తావో చెప్పు.”

చెప్పాను. బంతిని ఇక్కడి నుంచి కొట్టి, దూరంగా ఉన్న గుంతలో వెయ్యాలి, ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. “దానికి చేతిలో పట్టుకెళ్ళి వేస్తే ఒక్కటే కదా?” అంది. నేను నవ్వాను. వచ్చిన అయిదు నెలల్లో అంతలా నవ్వడం అదే మొదటిసారి.

“ఆడుకో. పత్తి చేను ఖాళీయే. మిరప కోతలు అయ్యాక అదీ ఖాళీయే. వానలు పడి నేను దున్నేదాకా నీదే. కల్లం మీద మాత్రం కాలు పెట్టబాక” అంది.

మర్నాటి నుంచి గుంతలు మొదలుపెట్టాను. ఆరు తీశాను. అడుగున ఖాళీ పెయింటు డబ్బాలు పాతాను. పీకేసిన పత్తికట్టెలకి చిరిగిన గోనెపట్టా ముక్కలు కట్టి జెండాలు పెట్టాను. గుంత చుట్టూ బంతి దొర్లడానికి నున్నటి జాగా కావాలి కదా. నేను పారతో గీకుతుంటే కాశింబీ పెద్దమ్మకి ఒళ్ళు మండింది. పార లాక్కుని, “కల్లం చెయ్యడం తెలియదా నీకు?” అని దిమ్మిస కర్ర తెచ్చి నేల దిమ్మించి, పేడనీళ్ళు చల్లి, చేత్తో అలికి చూపించింది. ఎండిన తర్వాత ఆ జాగా మీద బంతి పెట్టి నెమ్మదిగా తట్టాను. అన్నయ్యా, అద్దం మీద జారినట్టు జారింది. నువ్వుంటే ఎగిరి గంతేసేవాడివి. మిగతా అయిదూ ఇద్దరం కలిసి అలికాం.

నీ లెక్క ప్రకారం ఒక్కో గుంతకి మూడు దెబ్బలు. ఆరు గుంతలు రెండు చుట్లు తిరిగితే ముప్పై ఆరులో రావాలి. మొదటిరోజు నాకు అరవై ఒకటి అయ్యాయి. ఈ నేల నేను ఎరిగిన నేల కాదు. బంతి రాయి మీద పడ్డట్టు ఎగురుతుంది. వేసవి ముదిరేకొద్దీ నేల నెర్రెలు విచ్చింది. జాన వెడల్పు నెర్రె, మోచెయ్యి లోతు. బంతి అందులో పడితే కనబడదు. తేళ్ళు ఉంటాయేమోనని నేను చెయ్యి పెట్టలేక చూస్తుంటే, కాశింబీ పెద్దమ్మ గాజులు పైకి తోసుకుని చెయ్యి దూర్చి తీసేది.

గట్టి నేల మీద ఆరు గుంతలు తీసి ఆడుతున్నానని నీకు చెప్పాను. ఆ మొదటి ఆదివారం నువ్వు అడిగావు. “ఎంత?”

“యాభై” అన్నాను.

నెర్రెలో పడిన బంతిని తీసి పైన పెట్టుకుంటే ఒక దెబ్బ కలుపుకోవాలని నువ్వు నాకు చిన్నప్పుడే నేర్పావు. అవి కలపలేదు. గాలిలో ఊపి తగలనివి కలపలేదు. గోడలాంటి గట్టుకి తగిలి వెనక్కి వచ్చినవి, నేల తప్పు గాని నా తప్పు కాదని వదిలేశాను. అలా ఒకటీ రెండూ వదిలితే అరవై ఒకటి యాభై అయింది. నువ్వు “పర్లేదే! కొత్త నేల మీద యాభై అంటే మాటలా!” అన్నావు. ఆరోజు సాయంత్రం వరకు ఒళ్ళు తేలిపోతున్నట్టు ఉంది. ఆ మరుసటివారం నలభై ఏడు అన్నాను. ఆ తర్వాత నలభై అయిదు. ఒకసారి మొదలుపెట్టాక ప్రతివారం తగ్గాలి కదా, తగ్గించాను.

మధ్యలో ఒక నవ్వొచ్చే సంగతి. ఒకరోజు గట్టిగా కొట్టిన బంతి పక్కదారి పట్టి వెళ్ళి కల్లంలో మిరపకాయల కుప్ప మధ్యలో దిగింది. కాలు పెట్టొద్దంది కాబట్టి అంచున పడుకుని చెయ్యి చాపి వెతికి తీశాను. ఆ చేత్తోనే చెమట తుడుచుకున్నాను. ఇక చూసుకో, కళ్ళు పేలిపోయాయి. కేకలు పెడుతూ చేనంతా పరిగెత్తాను. కాశింబీ పెద్దమ్మ నన్ను పట్టుకుని కూర్చోబెట్టి, కుండలో చల్లని మజ్జిగతో కళ్ళు కడిగింది. కడుగుతూ, “ఈ ఆట ఆడేవాళ్ళంతా ఇట్టాగే ఏడుస్తారా, నువ్వొక్కదానివేనా?” అని అడిగింది.

ఏప్రిల్ చివరలో ఒక ఆదివారం పొద్దున నీ ఫోను వచ్చినప్పుడు నేను కల్లం పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడే ఆట ముగించాను.

“ఎంత?” అన్నావు.

“నలభై” అన్నాను.

నువ్వు అరిచిన అరుపు ఫోను దూరంగా పెట్టుకున్నా వినబడింది. అమ్మని పిలిచి చెప్పావు. వదినకి చెప్పావు. నేను ఫోను పెట్టేసి తిరిగేసరికి కాశింబీ పెద్దమ్మ తాలుకాయలు ఏరడం ఆపి నన్నే చూస్తోంది.

“ఎవురు?”

“మా అన్నయ్య.”

“నలభై అన్నావేంది? నలభై తొమ్మిది కదా?”

నాకు అర్థం కాలేదు. ఆమె తన పక్కన ఉన్న చిన్న కుప్ప చూపించింది. నేను కొట్టిన ప్రతి దెబ్బకీ ఒక తాలుకాయ పక్కన పెడుతోందట. ఆ ఒక్కరోజే కాదు, రోజూనట. ఊరికే, కాలక్షేపానికి.

“నెర్రెలో పడినవి లెక్కలోకి రావు పెద్దమ్మా” అన్నాను.

“మీ అన్నకి ఆ సంగతి తెలుసా?”

నేను వంగి క్లబ్బుకి అంటిన మట్టి గీకుతున్నాను.  ఆమె తలెత్తకుండా, కాయలు ఏరుకుంటూనే చెప్పింది. మూడేళ్ళ కిందట ఎవరో మంచి విత్తనం అని అంటగడితే పత్తి వేసిందట. మొక్క నడుమెత్తు పెరిగింది. ఆకు నల్లగా నిగనిగలాడింది. రోడ్డున పోయేవాళ్ళు బండి ఆపి చూసేవాళ్ళట.

“అందరూ మెచ్చుకుంటుంటే నాకూ బాగానే ఉందమ్మాయ్. కాయ రావడం లేదని నాకు ముందే తెలిసిపోయింది. రోజూ వంగి చూసుకునేదాన్ని. అయినా ఎవురన్నా అడిగితే, బ్రహ్మాండంగా ఉందనే చెప్పా. నా బిడ్డకి కూడా అట్టాగే చెప్పా. తీతలప్పుడు తనే కూలీల్ని వెంటబెట్టుకుని వచ్చింది. తియ్యడానికి ఏముంది? ఆకులా? పంట పోయినందుకు ఏడవలా నేను. ఆ కూలీల ముందు నా బిడ్డ నిలబడిపోయింది చూడు, దానికి ఏడ్చా.”

ఆ మాట అని మళ్ళీ పనిలో పడింది. నేను క్లబ్బు భుజాన వేసుకుని గదికి వచ్చేశాను. ఆ వారమంతా చేను వైపు వెళ్ళలేదు. ల్యాబులో ఒక లాటు రెండుసార్లు పరీక్ష చేశాను, మొదటిసారి చేసిన సంగతి మర్చిపోయి. అన్నం ముందు కూర్చుంటే లేచిపోవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.

ఆ మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. “పెద్దమ్మా, నువ్వే లెక్కపెట్టు. నేను అడగను, నువ్వు చెప్పినంతే” అన్నాను. యాభై ఒకటి అయ్యాయి. ఆమె చెప్పింది, నేను చీటీ మీద రాసుకున్నాను. ఆరోజు నీ ఫోను ఎత్తలేదు. పడుకున్నానని తర్వాత మెసేజ్ పెట్టాను. అదీ అబద్ధమే.

ఆ తర్వాత రెండురోజులకి నువ్వు చేసిన ఫోను నేను బతికినన్నాళ్ళూ మర్చిపోను. జూలైలో మన క్లబ్బులో జరిగే ఆడవాళ్ళ అమెచ్యూర్ పోటీలో నా పేరు ఫస్ట్ డివిజన్‌లో ఇచ్చానన్నావు. సెక్రటరీ గారు సందేహపడితే, “మా చెల్లి కటిక నేల మీద నలభైలో తెస్తోంది సార్, గడ్డి మీద ఎంత తెస్తుందో మీరే చూద్దురుగాని” అన్నావట. నాన్న కోసిన గడ్డి మీద నేను మొదటి డివిజన్‌లో ఆడతానని రెండుసార్లు అన్నావు. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. “థాంక్స్ అన్నయ్యా” అని వచ్చింది.

ఇక మే నెల సంగతి విను. ఇక్కడి మే నెల నీకు తెలియదు. పొద్దున్న ఎనిమిదింటికే ఎండ వీపు మీద కూర్చుంటుంది. నేను అయిదున్నరకల్లా చేలో ఉండేదాన్ని. అబద్ధం చెప్పిన నలభైని నిజం చేసేస్తే ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. పిచ్చిదానిలా ఆడాను. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. బలంగా కొట్టేకొద్దీ బంతి ఎగిరిపోయి లెక్క పెరిగేది. యాభై మూడు. మళ్ళీ యాభై రెండు.

ఒకరోజు విసిగిపోయి క్లబ్బు నేలకేసి కొట్టి కూర్చుండిపోయాను. కాశింబీ పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“ఎవురు తరుముతున్నారే నిన్ను?”

“ఎవరూ లేరు.”

“మొదట్లో అరవై ఒకటి. మొన్న నలభై తొమ్మిది. పన్నెండు తగ్గినాయి. మీ అన్నకి ఇది చెబితే సంతోషపడడా?”

అన్నయ్యా, ఆ మాట విన్నాకగాని నాకు తట్టలేదు. నేను నిజంగానే బాగుపడ్డాను. ఈ నేల మీద, నేర్పేవాళ్ళు లేకుండా, నీ బ్యాగులోని మూడు క్లబ్బులతో పన్నెండు దెబ్బలు తగ్గించాను. కాని నా అబద్ధం అడ్డం పడి, నీకు చెప్పుకోవాల్సిన నిజం చెప్పుకోలేకుండా పోయాను.

మర్నాటి నుంచి తొందర మానుకున్నాను. బంతిని పైకి లేపకుండా, పొట్టి ఊపుతో నేలబారున దొర్లించడం మొదలుపెట్టాను. గట్టి నేల మీద అది దానంతట అదే పరిగెత్తుకుని వెళ్ళి అలికిన జాగాలోకి ఎక్కుతుంది. ఇంకో సంగతి, నెర్రెలు ఎటువైపు ఎక్కువో చూసుకుని, గుంతకి ఎదురుగా కాకుండా పక్కకి కొట్టడం నేర్చుకున్నాను. నలభై ఎనిమిది వచ్చింది. నలభై ఆరు. మళ్ళీ నలభై ఏడు. జూన్ మొదట్లో ఒకరోజు నలభై నాలుగు. కాశింబీ పెద్దమ్మ రెండుసార్లు లెక్కపెట్టి, “నలభై నాలుగే” అని కొంగు దులుపుకుని లేచి, ఇంటికెళ్ళి సేమ్యా చేసి తెచ్చింది. నా అసలు లెక్కల్లో అన్నిటికన్నా మంచిది అదే. నలభై ఇంతవరకు ఎప్పుడూ రాలేదు.

జూన్ నెల మధ్యలో రెండు వానలు పడ్డాయి. మూడోరోజు నేల కాస్త ఆరిందో లేదో ట్రాక్టరు వచ్చింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. డ్రైవరు ఇంజను ఆపలేదు. కాశింబీ పెద్దమ్మ అతని మీద కేకేసింది.

“ఒరేయ్, దాన్ని ఆపరా! పిల్ల ఆఖరి ఆట ఆడుకుంటది.”

“అవతల ఇంకో ఇద్దరి చేలున్నాయి పిన్నీ.”

“ఉంటాయి, ఎక్కడికి పోతాయి? దిగి టీ తాగు.”

ఆడాను. నెర్రెలన్నీ వానకి పూడుకుపోయి నేల మెత్తబడింది. బంతి దొర్లడం లేదు. మళ్ళీ ఎత్తి కొట్టాల్సి వచ్చింది. అయినా బాగానే పడుతున్నాయి. పదకొండు గుంతలు అయ్యేసరికి నలభై ఒకటి. ఆఖరిది మూడులో వేస్తే మళ్ళీ నలభై నాలుగు. మొదటి దెబ్బకి బంతి గుంత దగ్గరగా, పత్తికట్టె పుల్లల్లో ఆగింది. పుల్ల ఒకటి పక్కకి తీస్తుంటే బంతి కదిలింది. అంగుళం ఉంటుందేమో. కాశింబీ పెద్దమ్మ డ్రైవరుకి టీ పోస్తోంది, ఇటు చూడటం లేదు. చూసింది నేనొక్కదాన్నే.

బంతిని తీసి మళ్ళీ మొదట ఉన్నచోటనే పెట్టాను. రెండు దెబ్బల్లో గుంతలో వేశాను. ఆమె దగ్గరకి వెళ్ళి, “ఎంతయిందో చెప్పు” అన్నాను.

“నలభై నాలుగు.”

“నలభై అయిదు. పుల్ల తీస్తుంటే బంతి కదిలింది. దానికి ఒకటి కలపాలి.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “సరే, నలభై అయిదు” అంది. డ్రైవరు నా డబ్బాలు పీకి గట్టు మీద పెట్టాడు. నేను నిలబడి చూస్తుండగానే మేం అలికిన ఆరు జాగాలూ నాగటి కింద తిరగబడిపోయాయి. ఏడుపు రాలేదు. ఎందుకో ఆకలి వేసింది.

అక్కడి నుంచే, చేను గట్టు మీద నిలబడే క్లబ్బు ఆఫీసుకి ఫోను చేశాను. నా పేరు చెప్పి, ఫస్ట్ డివిజన్‌లో నా పేరు తీసెయ్యమన్నాను. మేము చెప్పిన లెక్కలు తప్పు, అవి నేను చెప్పినవి, మా అన్నయ్యకి తెలియదు అన్నాను. గుమాస్తా ఫోను పక్కన పెట్టాడు. సెక్రటరీ గారిని అడిగి వచ్చి, “సెకండ్ డివిజన్‌లో ఖాళీ ఉంది మేడమ్, రాయమంటారా? మీ అన్నయ్య గారికి చెప్పమంటారా?” అని అడిగాడు. రాయండి అన్నాను. అన్నయ్యకి నేనే చెప్పుకుంటాను, మీరు ఈలోగా చెప్పొద్దు అన్నాను. ఆయన మంచివాడిలా ఉన్నాడు, మాట నిలబెట్టుకున్నట్టున్నాడు. మొన్న కూడా నువ్వు ఫోన్లో ఫస్ట్ డివిజన్ అనే అన్నావు. నేను “ఊఁ” కొట్టాను. అదే ఆఖరి అబద్ధం. ఆ “ఊఁ” కొట్టినప్పటి నుంచే ఈ గదిలో తిరుగుతున్నాను.

దీంతోపాటు నా చీటీలన్నీ పెడుతున్నాను. ఏప్రిల్ తర్వాతవి కాశింబీ పెద్దమ్మ చెప్పగా రాసినవి. అంతకు ముందువి ఆమెకి గుర్తున్నంతవరకు చెప్పించుకుని రాశాను. పక్కన నీకు చెప్పిన దొంగ లెక్కలు కూడా రాశాను. నువ్వు తలెత్తుకుని తిరిగే చోట నీకు తలవంపులు తెచ్చాను. ఎవరైనా అడిగితే “మా చెల్లెలు అబద్ధం చెప్పింది” అనే చెప్పు. నన్ను కాపాడటానికి నువ్వు ఇంకో మాట కల్పించవద్దు. నీకు ఆ అలవాటు లేదు, నా వల్ల అది రాకూడదు.

పోటీకి మాత్రం వస్తున్నాను. ల్యాబులో నాలుగురోజులు సెలవు ఇచ్చారు. నాతోపాటు కాశింబీ పెద్దమ్మ కూడా వస్తానంటోంది. ఆ వారం ఆమె మిరపనారు పోస్తుంది. మొలక కనబడేదాకా తడిపే పని పక్కచేను వాళ్ళకి అప్పజెబుతుందట. చీరాల సముద్రం చూసింది కాబట్టి మన సముద్రం మీద ఆమెకి మోజేమీ లేదు. గేదెలు మెయ్యని గడ్డి ఎలా ఉంటుందో చూడాలట. “అంత గడ్డి పెంచి ఉత్తినే కోసి పారేస్తారా?” అని ఇప్పటికి పదిసార్లు అడిగింది. మన ఇంట్లో రెండురోజులు ఉంటుంది, వదినకి చెప్పు. మాంసం మన ఇంట్లో వండింది తినదు, చేపలు తింటుంది. అమ్మ చేత చేపల పులుసు పెట్టించు. పప్పులో బెల్లం మాత్రం ఆరోజుకి వద్దు.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించినా సరే, వినిపించకపోయినా సరే, నీ ఇష్టం. ఆమెకి నా దండాలు. వదినకి నమస్కారాలు. పాపకి ముద్దులు, కొత్త పళ్ళు వచ్చేలోగా వచ్చేస్తానని చెప్పు. నాన్న ఫొటో దగ్గర నా తరఫున ఒక దీపం పెట్టించు. వీలైతే చోడిపిండి ఒక కేజీ మా ఆఫీసు అడ్రసుకి పంపు, ఇక్కడ రాగిపిండి అని అమ్మేది మనదిలా ఉండదు. గుంత దగ్గర బంతిని తట్టే పటర్ పిడికి చుట్టడానికి పాత రబ్బరు పట్టీ ఉంటే అది కూడా.

వాన తెరిపిచ్చింది. మళ్ళీ పట్టుకునేలోగా వెళ్ళి పోస్టులో వేసి రావాలి. రేపు వేద్దామనుకుంటే రేపు ఇంకోలా అనిపిస్తుందని భయం. నువ్వు పోటీ రోజున నా బ్యాగు మోస్తావో లేదో ఇప్పుడే చెప్పొద్దు. ఫోను కూడా చెయ్యొద్దు, నీ కోపం తగ్గేదాకా. వస్తే మొదటి గుంత దగ్గర నిలబడు, నాకు అంతే చాలు. రాకపోతే బ్యాగు తానే మోస్తానంటోంది కాశింబీ పెద్దమ్మ. పత్తి మూట కన్నా బరువా అని అడిగింది. కాదన్నాను.

నన్ను తిట్టుకున్నా దీవించడం మానకు.

నీ చెల్లెలు
నూకరత్నం